పొంగిపోయిన కాఫీ

ఇంట్లో పాలు పొంగితే నాకు నవ్వు రాదు, స్టవ్వు తుడుచుకోవలసింది నేనే కనక. మొన్న ఆదివారం రాత్రి మాత్రం పొంగిన కాఫీని చూసి మా ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు.

ఆ కాఫీ పొంగింది మా వంటింట్లో కాదు, 1942లో వచ్చిన 'ఉమన్ ఆఫ్ ది ఇయర్' అనే అమెరికన్ సినిమాలో. అందులో కాథరిన్ హెప్‌బర్న్ టెస్ అనే పత్రికా రచయిత్రి. రాజకీయాలు రాస్తుంది, ఎన్నో భాషలు గడగడా మాట్లాడుతుంది. ఆ ఏటి మేటి మహిళ అని సన్మానం కూడానూ. భర్త స్పెన్సర్ ట్రేసీ అదే పత్రికలో ఆటల గురించి రాస్తాడు. ఇల్లు పట్టని ఆవిడతో వేగలేక విడిపోతాడు. చివరికి ఆవిడే వచ్చి, అతను నిద్ర లేచేలోగా టిఫిన్ చేసి మెప్పిద్దామనుకుంటుంది. కాఫీ పొంగుతుంది, వాఫిల్ ఉబ్బిపోయి పెనం మూతనే లేపేస్తుంది.

"అంత తెలివైనావిడకి కాఫీ పెట్టుకోవడం రాదా!" అన్నారు మావారు.

టెస్ తప్పేం చెయ్యలేదనను. భర్తకి మాటైనా చెప్పకుండా ఓ శరణార్థి పిల్లాణ్ణి తెచ్చి పెట్టుకుని, తీరా సన్మానానికి వెళ్తూ వాణ్ణి ఒంటరిగా వదిలేసిపోతుంది. తల్లినయిన నాకు ఒళ్లు మండింది. అయితే మాత్రం, దానికి శిక్ష వాఫిల్ పెనమా?

రింగ్ లార్డ్‌నర్ జూనియర్, మైకేల్ కానిన్ రాసిన ముగింపు అసలిది కాదుట. సినిమా పూర్తయ్యాక స్టూడియో వాళ్లు వేరేవాళ్లతో ఈ వంటింటి సీను రాయించి అతికించారు. స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ వచ్చింది మాత్రం ఆ ఇద్దరికే!

నవ్వలేకపోవడానికి నా కారణం నాకుంది. చాలా ఏళ్ల క్రితం ఓ బ్యాంకు ఆఫీసరమ్మ కథ రాశాను. ప్రమోషన్ మీద ఒక్కత్తే వేరే ఊరు వెళ్తుంది. పోస్టు చేసేముందు చివరి పేజీ చింపి, ఆవిడ చేత రాజీనామా రాయించాను. ఎవరూ మార్చమనలేదు. అత్తగారు చదువుతారు కదా అని నాకే భయం. ముగింపు ఎంతో బావుందని ఉత్తరాలు కూడా వచ్చాయి.

ఆ 1942 సంగతే చూడండి. అంతకుముందు డిసెంబర్‌లోనే అమెరికా యుద్ధంలోకి దిగింది. యుద్ధ బాండ్లు అమ్మి తిరిగొస్తూ జనవరి 16న విమాన ప్రమాదంలో నటి కరోల్ లొంబార్డ్ చనిపోయింది. అప్పటికావిడకి 33 ఏళ్లు. ఆగస్టులో హెడీ లమార్‌కి, ఆవిడతో కలిసి పనిచేసిన సంగీతకారుడు జార్జ్ ఆంథైల్‌కి, శత్రువు అడ్డుకోలేని రేడియో సంకేతాల పద్ధతికి పేటెంట్ వచ్చింది. నేవీ దాన్ని పక్కన పడేసింది. అందమైన మొహం కదా, ఆవిడ చేత కూడా బాండ్లే అమ్మించారు.

అదే ఏడాది వచ్చిన 'మిసెస్ మినివర్' చూశాక నా మనసు కాస్త కుదుటపడింది. గ్రీర్ గార్సన్ ఇంగ్లండ్ పల్లెలో ఉండే మామూలు ఇల్లాలు. మొదట్లో ఓ ఖరీదైన టోపీ కొనేసి, భర్తకి ఎలా చెప్పాలా అని తంటాలు పడుతుంది (మనం పట్టుచీర కొన్నట్టే!). తర్వాత ఆ ఇల్లాలి పెరట్లోనే గాయపడిన జర్మన్ పైలట్ దొరుకుతాడు. పిస్తోలు చూపించి తిండి పెట్టమంటాడు. పెడుతుంది. వాడు సొమ్మసిల్లగానే పిస్తోలు తీసుకుని పోలీసులకి ఫోన్ చేస్తుంది. ఊళ్లన్నీ నాశనం చేస్తామని వాడు పేలితే, చెంప ఛెళ్లుమనిపిస్తుంది. ఇదీ వంటింటి సీనే మరి!

కొడుకు వైమానిక దళంలో ఉన్నాడు కనక, పోయేది వాడేనని గుండె చిక్కబట్టుకుని చూశాను. వాడు బతికాడు. కొత్త కోడలు పోయింది. అప్పటిదాకా అల్లరి చేస్తున్న మా అమ్మాయి మాటా పలుకూ లేకుండా కూర్చుండిపోయింది. ఈ సినిమాకి ఉత్తమ చిత్రంతో కలిపి 6 ఆస్కార్లు వచ్చాయి.

అక్టోబర్‌లో వచ్చిన 'నౌ, వాయేజర్' ఇంకా ఆశ్చర్యం. తల్లి పెత్తనం కింద నలిగిపోయిన షార్లెట్, అంటే బెట్టీ డేవిస్, పెళ్లి లేకుండానే నిలదొక్కుకుంటుంది. అన్నట్టు, సైనికుల కోసం హాలీవుడ్ క్యాంటీన్ పెట్టించిన వాళ్లలో బెట్టీ డేవిస్ ఒకావిడ. అక్కడ పెద్దపెద్ద తారలే గిన్నెలు కడిగారు. వాళ్లకి కాఫీ పెట్టడం వచ్చో రాదో మరి.

మర్నాడు అటక మీంచి పాత ఫైలు దించాను. చిత్తుప్రతిలో నా మొదటి ముగింపు అలాగే ఉంది. అత్తగారికిచ్చాను. కళ్లజోడు తుడుచుకుని, రెండుసార్లు చదివారు.

"ఇదే బావుందే! ఎందుకు మార్చావూ?" అన్నారు.