గొడవ ఏ వాక్యం మీద?

అమెరికాలో లా చదవాలనుకునే వాళ్ళు ఎక్కువగా రాసే పరీక్ష ఎల్‌శాట్. 2024 ఆగస్టు నుంచి అందులో లాజిక్ గేమ్స్ తీసేశారు. ఇప్పుడు స్కోరుకు లెక్కించే 3 సెక్షన్లలో 2 లాజికల్ రీజనింగ్‌వే. వాటిలో నాకు బాగా నచ్చే ప్రశ్న ఒకటుంది. ఇద్దరి మాటలు ఇచ్చి, వీళ్ళకి తేడా ఎక్కడొచ్చిందో చెప్పమంటారు. ఆప్షన్లు 5.

చూడ్డానికి తేలికే. నేను సొంతంగా రాసిన ఈ చిన్న ఉదాహరణ చూడండి.

రవి: పంచాయతీ డబ్బుతో ముందు చెరువు పూడిక తీయించాలి. బోర్లలో నీళ్ళు పెరుగుతాయి.

సుజాత: పెరుగుతాయి, నిజమే. కానీ కట్టకి గండి పడింది. ముందు అది పూడ్చాలి, పూడిక సంగతి తర్వాత.

ఆప్షన్లు 3 అనుకుందాం:
1. పూడిక తీస్తే బోర్లలో నీళ్ళు పెరుగుతాయి.
2. కట్టకి గండి పడింది.
3. డబ్బు ముందు పూడికకే వాడాలి.

ఒక్కో ఆప్షన్ పట్టుకుని ఇద్దర్నీ విడివిడిగా అడగాలి: అవునా, కాదా? మొదటిదానికి ఇద్దరూ అవునంటారు. రెండోదానికి సుజాత అవునంటుంది, రవి అసలు ఆ మాటే ఎత్తలేదు. మూడోదానికి రవి అవునంటాడు, సుజాత కాదంటుంది. అదే జవాబు.

చాలామంది పడిపోయేది రెండోదాని దగ్గరే. మౌనం అర్ధాంగీకారం అంటాం కదా, ఈ పరీక్షలో మౌనం అంగీకారమూ కాదు, వ్యతిరేకతా కాదు. అభిప్రాయం నేరుగా నోటితో చెప్పకపోయినా ఫర్వాలేదు గానీ, అన్న మాటల్లోంచి అది కచ్చితంగా తేలాలి. మనం ఊహించి వాళ్ళ నోట్లో పెట్టకూడదు.

ఎల్‌శాట్ రాయని వాళ్ళకి ఇదెందుకు అంటారా? ఎమ్మెస్‌కి వెళ్తానని మనం, వచ్చిన ఉద్యోగంలో చేరమని నాన్న. చదువు గొప్పదా కాదా అని గంటసేపు వాదిస్తాం. ఆ వాక్యానికి ఇద్దరి జవాబూ అవుననే! ఇప్పుడే అంత అప్పు చేయాలా అన్నదాని దగ్గర ఆయన కాదంటున్నారేమో. అడిగితేనే తెలుస్తుంది. అప్పుడు మాట్లాడాల్సింది వడ్డీ గురించి, స్కాలర్‌షిప్ గురించి, ఓ రెండేళ్ళు ఉద్యోగం చేసి వెళ్ళడం గురించి.

ప్లేస్‌మెంట్ జీడీలోనూ అంతే. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే, "మనకి తేడా ఉన్నది ఈ ఒక్క విషయంలోనే కదా?" అని అడిగి చూడండి.