చిన్నోడి అభ్యాసికకు కార్పెట్ కొన్నప్పుడు

మా చిన్నోడు పోయినేడు సోలాపూర్ దత్తనగర్‌లో అభ్యాసిక పెడతనన్నడు. వేరే ఊళ్లల్ల ఉన్న మనవాళ్ల కోసం చెప్తున్న. పోటీ పరీక్షల పిల్లలు నెలకింత అని కట్టి, పొద్దటి నుంచి రాత్రి దాక కూర్చుని చదువుకునే గది అది. మా దిక్కు గల్లీకొకటి లేచింది. మేం తీసుకున్న జాగ మేడమీద, కింది ఇంట్ల నాలుగు పవర్‌లూములు. పెట్టుబడి మా ఇంటామెది. ముప్పై ఏండ్లు బీడీలు చుడితే చేతికొచ్చిన పి.ఎఫ్. సొమ్ము. అందుకని ప్రతి వెయ్యి దగ్గర నాకు గుండె కొట్టుకునేది.

చప్పుడు కాకుండ కింద కార్పెట్ పడాలె అన్నడు చిన్నోడు. అది సగమే నిజం. కుర్చీ జరిపిన రాపిడి, అడుగుల చప్పుడు తగ్గుతయి. కింది లూముల దడదడ తగ్గదు. అది గోడల నుంచి, కిటికీల నుంచి వస్తది. ఈ మాట ముందే చెప్పిన, తర్వాత నన్ను అనొద్దని. కిటికీలకు రబ్బరు పట్టీలు వేరే వేయించినం.

దుకాణంల ముందు చూపించింది పెళ్లి మండపంల పరిచే ఎర్రది. చాల అగ్గువ. అది నేసింది కాదు, పోగులను సూదులతో పొడిచి పొడిచి అట్టలాగ చేసింది. రెండు రోజుల పెళ్లికి సరే. మా చుట్టాల బట్టల కొట్లో అదే అంటిస్తే ఏడాదికే నడిచే దారంత బొచ్చు లేచింది. వద్దన్న. తర్వాత కాలు పెడితే దిగబడేంత మెత్తటిది తీసిండు. చిన్నోడి కండ్లు అక్కడ్నే ఆగినయి.

నేను గిర్నీల పంతొమ్మిదేండ్లు, అది మూతబడ్డంక పవర్‌లూం మీద తువాళ్లు నేసినోణ్ణి. టర్కీ తువాలుకు రెండు బీములుంటయి, ఒకటి గుడ్డకు, ఒకటి లూపుకు. లూపు అట్లనే ఉంటే మామూలు తువాలు. లూపు తలలు కోస్తే మఖ్మల్ లాగ అయితది. ఇప్పటి కార్పెట్లు ఎక్కువ మటుకు నేసేవి కాదు, సూదులతో కుట్టేవి, కాని లూపు సంగతి మాత్రం అదే. కోసింది చూడ్డానికి బాగుంటది. చక్రాల కుర్చీ రోజూ అదే జాగల తిరిగితే ఆ పోగు పడుకుంటది, మళ్ల లేవదు. పొట్టి లూపు, దగ్గర దగ్గర కుట్టింది అయితే ఓర్చుకుంటది. దగ్గరితనం తెల్వాలంటే ముక్కను వెనక్కి వంచి చూడాలె. వంచిన కాడ అడుగు కనబడితే కుట్టు పలచన అన్నట్టు. ఎత్తు చూసి మురిసిపోవద్దు.

పోగు ఏందో కూడ నేనే చూసుకున్న. దుకాణందారు అన్నింటినీ నైలాన్ అనే అన్నడు. రెండు రకాల ముక్కలు అడిగి ఇంటికి తెచ్చి, ఒక్కోదాంట్ల పోగు పీకి, కొంచెం సబ్బు కలిపిన నీళ్లల్ల వేసి వేలితో ముంచిన. ఒకటి మునిగింది, ఒకటి ఎంత ముంచినా పైకే తేలింది. తేలింది పాలీప్రొపిలీన్, నీళ్ల కన్న తేలిక. తడి పీల్చదు, మరక తొందరగ పట్టదు, అది దాని మంచితనం. కాని అణిగితే తిరిగి లేవడంల నైలాన్‌కు సాటి రాదు. బరువైన బల్ల గట్టిగ ఈడిస్తే ఆ రాపిడి వేడికే గీత పడ్తది. మాకు ఇరవై నాలుగు కుర్చీలు, పొద్దుందాక కదుల్తనే ఉంటయి. నైలాన్ అయితేనే మంచిదనుకున్న.

ధర అడిగితే నోరు ఎండింది. అర మీటరు చదరపు ముక్కలు, టైల్స్ అంటరు, పెట్టెకు 20 వస్తయి, అంటే 5 చదరపు మీటర్లు. తేలినదాని పెట్టె 5,100, మునిగినదాని పెట్టె 8,600. మొత్తం జాగ 400 అడుగులు, 8 పెట్టెలు కావాలె. ఇంటామె ఏమనకుండ ఒకటే అడిగింది, "ఊడ్చేది ఎవరయ్యా?" ఆ మాటతోనే లెక్క మారింది. చెప్పులు విడిచే కాడ, నీళ్ల ఫిల్టర్ కాడ కార్పెట్ ఎందుకు? అక్కడ ఉన్న షాబాద్ ఫర్శీనే ఉంచి, గడప దగ్గర గరుకు పట్టా వేసినం. చదివే జాగ 300 అడుగులు, 6 పెట్టెలతో సరిపోయింది. 51,600. ఎనిమిది పెట్టెల చవకదాని కన్న పది వేల చిల్లర ఎక్కువ. ఆమె సరే అన్నది, నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రంగు కాడ తండ్రీకొడుకులం కొట్లాడినం. వాడికి తెల్లటి గోధుమ రంగు కావాలె. మా ఊరి నల్లమట్టి వానకాలం దాని మీద ఎట్లుంటదో ఆలోచించు అన్న. పోనీ నల్లది వేద్దామన్నడు. కింద లూములున్నయి, దూది ఎగురుతది, నలుపు మీద తెల్ల పోగు ప్రతిదీ కనబడ్తది. చివరికి బూడిద రంగు, నీలం చుక్కలది తీసుకున్నం. పెట్టెల మీద లాట్ నంబరు అన్నింటికి ఒకటే ఉండాలని పట్టుబట్టిన. అద్దకం ఒక్కోసారి ఒక్కో తీరుగ వస్తదని మనకెవరు చెప్పాలె!

అంటించే ముందర ఫర్శీ మీద నాలుగు చోట్ల ప్లాస్టిక్ కాగితం పరిచి అంచులకు టేపు వేసి ఒక రాత్రి ఉంచిన. మూడు చోట్ల పొడిగనే ఉంది. బాత్రూం గోడ పక్కన కాగితం కింద నీటి చుక్కలు. పైపు కారుతుండె. ప్లంబర్‌ను పిలిచి బాగుచేయించి, ఎండనిచ్చి, ఇంకో పది రోజులు ఆగినం. చిన్నోడు తిథి దాటుతదని గొణిగిండు. గమ్ము కూడ గట్టిది కాకుండ, అంటుకుని మళ్ల ఊడొచ్చేది వేయించినం.

ఏడు ముక్కలు మిగిలితే దుకాణానికి వాపసు ఇస్తనన్నడు. నేను ఇయ్యనియ్యలే, మంచం కింద పెట్టిన. నాలుగో నెలల ఒక పిల్లగాడు బ్యాగు జిప్పుకు లూపు తగిలించి గుంజిండు. తువాలు లాగనే, వరుసంత లేచి వచ్చింది. కత్తెరతో లేచిన పోగు కొసలు కత్తిరిస్తే పోయేది, చిన్నోడు అది తెల్వక ఇంకింత గుంజిండు. ఇక ఆ ముక్క తీసి కొత్తది పెట్టినం. పాతది ఇంటామె తీసుకపోయి పూజగది ముందర వేసుకున్నది.