పరదేశి: ఒక రూపకము, ఒక సమూహము

ఉపమేయోపమానములకు అభేదము చెప్పుట రూపకమని ఆలంకారికుల మతము. కావ్యమున ఆ అభేదము చమత్కారమును కలిగించును. ఒక జనసమూహము తన్ను గూర్చి చెప్పుకొను రచనలలో అది "మేమెవరము?" అను ప్రశ్నకు సమాధానమగును. తొలి క్రైస్తవ లేఖలు ఇందుకు నిదర్శనములు.

నూతన నిబంధనలోని పేతురు మొదటి పత్రిక చిన్న ఆసియా ప్రాంతములవారి నుద్దేశించినది. అందు వారిని సూచించు గ్రీకు పదములలో 'పారోయికోయ్' ఒకటి. నగరమున నివసించుచున్నను పౌరహక్కులు లేని పరస్థలీయులకు అది వ్యవహార పదము. దానికి ముందున్న 'హోస్' అను అవ్యయమునకు 'వలె' అనియు, 'అయి యున్నందున' అనియు అర్థము చెప్పవచ్చును. వారు నిజముగనే పరస్థలీయులని జాన్ ఎలియట్ 1981లో వాదించెను. పరలోకమే స్వదేశమను భావమునకది రూపకమని పలువురు విద్వాంసుల మతము. తెలుగు అనువాదము 'వలె' అనక, వారిని పరదేశులుగనే నిర్దేశించినది.

ఏ పక్షమును గ్రహించినను ఒక విషయము స్పష్టము. పత్రిక ఆ న్యూనతావాచకమును తొలగింపలేదు. మొదటి వాక్యముననే 'పరవాసులు' అను మాటకు 'ఎన్నుకొనబడినవారు' అను విశేషణమును జేర్చినది. పిదప వారిని సజీవమైన రాళ్లతో పోల్చి, మందిరముగ కట్టబడుచున్నారనినది. ఇల్లు లేనివారు తామే ఇల్లగుదురు. మొదటి శతాబ్ది చివరిదిగ ఎన్నబడు క్లెమెంటు లేఖయు రోమా సంఘమును అచ్చట పరవాసము చేయు సంఘముగ పేర్కొనును. ఈ ధాతువునుండి పుట్టిన 'పారోయికియా' అను పదమే కాలక్రమమున ఇంగ్లీషున 'పారిష్' అయి, స్థిరమైన స్థానిక సంఘమును తెలుపసాగెను.

తెలుగున 'పరదేశి' అన్నచో అన్యదేశీయుడే కాక, దిక్కులేనివాడు, బిచ్చగాడు అను అర్థములును కలవు. స్వస్థలము విడిచిన తెలుగువారి మధ్య ఈ మాట బరువు మరింత తెలియును. బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన మార్గము బిలాస్‌పూరు మీదుగ 1891లో పూర్తియయ్యెను. 1902లో కటకము నుండి వాల్తేరు వరకు గల మార్గమును ఆ రైల్వేలోనే చేరెను. ఇట్లు తెలుగు తీరమును, ఛత్తీస్‌గఢ్ మైదానమును ఒకే యాజమాన్యము క్రిందికి వచ్చినవి. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన స్థానమైన ఈ పట్టణమున రైల్వే ఉద్యోగముల మూలమున స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు. ఇచ్చటి హిందీలో 'పరదేశీ' దూరమున నున్న ఆత్మీయునికిని చెల్లును. కావున రెండు భాషలు నెరిగిన తెలుగు శ్రోతకు ఒకే శబ్దమున అవమానము, ఆత్మీయత రెండును ధ్వనించును.

అనువాదకుడు 'పరదేశి'కి మారుగ 'ప్రవాసి' అని వ్రాసినచో మర్యాద నిలుచును, కాని రూపకము చేయు పని చెడును. 'ప్రవాసి'లో లోటు లేదు; లోటు లేనిచో దానిని గౌరవముగ మార్చుటకు తావులేదు. సమూహము తన కితరులు పెట్టిన పేరును తానే స్వీకరించి దానికి క్రొత్త అర్థమిచ్చుటయే ఈ రూపకమునకు ప్రాణము. నిఘంటుకర్తలును, అనువాదకులును ఆ పాత నొప్పిని పదమునుండి తుడిచివేయరాదు.