కొబ్బరాకు మీది చిట్టి కందిరీగల పాదములు

కోనసీమ వారికి కొబ్బరిచెట్టు ఇంటి బిడ్డ వంటిది. 2016వ సంవత్సరమున పొల్లాచి ప్రాంతమందు మన దేశమున మొదట కనబడిన సర్పిలాకారపు తెల్లదోమ పిమ్మట గోదావరి తోటలలోనికిని దిగినది. అది ఆకు అడుగున చేరి రసము పీల్చును. దాని తేనెబంకపై బూజు పెరిగి, క్రింది ఆకులు మసి పూసినట్లగును.

అయితే ఆ తెల్లని పిల్లపురుగుల నడుమ నల్లబడినవియు కొన్ని యుండును. వానిలో ఎన్‌కార్సియా గ్వాడెలూపే యను కందిరీగ పిల్ల పెరుగుచుండును. పెరిగిన కందిరీగయు మిల్లీమీటరు పొడవైన నుండదు, మనుష్యులను కుట్టదు. రూపమున ఇట్టివే యగు మరికొన్ని ఈ మిత్రకీటకములనే తినివేయును గనుక, ఏది యేదో పోల్చుట రైతునకు లాభనష్టముల మాట.

పోల్చుటకు పండితులు చూచు గుర్తులలో పాదఖండముల లెక్క యొకటి. పురుగుకాలి చివరి భాగమును పాదమందుము. అది ఒకే ముక్క కాదు, చెరకుగడవలె ఖండములుగా నుండును. చెరకును తొలుచు పురుగుల గ్రుడ్లలో తన గ్రుడ్లు పెట్టు ట్రైకోగ్రామాకు ఖండములు 3 మాత్రమే. మన కొబ్బరిని తిను నల్లముట్టె పురుగు ప్యూపాలను చంపు ట్రైకోస్పైలస్‌కు 4. అదే పని చేయు బ్రాకిమెరియాకు 5. ఇంతవరకు లెక్క ఎంత సులభము!

చిక్కు మన ఎన్‌కార్సియా కులమునందే వచ్చినది. గాజుగృహములలో తెల్లదోమపై విడుచు ఎన్‌కార్సియా ఫార్మోసాకు ముందువెనుక కాళ్లలో 5, నడిమి కాళ్లలో 4 ఖండములుండును. నడిమికాలిలో 4 ఉన్న వానిని ఎన్‌కార్సియా యనియు, అన్నింట 5 ఉన్న వానిని ప్రోస్పాల్టెల్లా యనియు పూర్వులు వేరుచేసిరి. తక్కిన గుర్తులన్నియు కలియుచుండ, ఈ ఒక్క ఖండమే గోడ యయ్యెను. 1979లో ఇటలీ పండితులు ఆ గోడ తీసి రెంటిని ఒకటి చేసిరి. ఒకే కులమున హెచ్చుతగ్గులగు గుర్తు కులమునకు సరిహద్దు కాజాలదని మాకును తోచుచున్నది.

పాదములు లెక్కించుటకు మంచి సూక్ష్మదర్శిని కావలెను. పొలమున అది సాధ్యము కాదు. భూతద్దమున్న చాలు, ఒకటి చూడవచ్చును: తెల్లదోమ వెడలిన పెంకున చీలిక యుండును, కందిరీగ వెడలిన దాన గుండ్రని రంధ్రముండును. నల్లని పెంకులు విరివిగా నున్న ఆకుముక్కలను కోసి తెల్లదోమ సోకిన వేరుచెట్టునకు గ్రుచ్చవచ్చును. ఆ తోటలో విషపుమందు చల్లరాదు.