ఊపిరి కొలిచిన పెట్టె

భూపాలపల్లి బొగ్గు గనులకు, చెల్పూరు థర్మల్ కేంద్రానికి పోయే దారి పరకాల మీదుగానే పోతుంది. లారీలు, ఆటోలు, పత్తి బండ్ల నడుమ ఇప్పటికీ ‘ఏపీ 36’ నంబర్ ప్లేటుతో తిరిగే కార్లు కనిపిస్తాయి. అది పాత వరంగల్ జిల్లా సంఖ్య. 2014 జూన్‌లో టీఎస్ సిరీస్ వచ్చాక కొత్త బండికి ఆ నంబరు పడలేదు కాబట్టి, ఆ ప్లేటు ఉన్న బండి ఏదైనా పదేళ్లు దాటినదే. అలాంటి కారు యజమానుల్లో చాలామంది ఆరు నెలలకోసారి ఒక చిన్న పెట్టె ముందు బండి నిలపాలి. పొగగొట్టంలో సన్నని గొట్టం దూరుస్తారు, తెరపై అంకెలు కదులుతాయి, ‘పొల్యూషన్ సర్టిఫికెట్’ చేతికొస్తుంది. ఎక్కువమంది తారీఖు చూసుకుని, కాగితాన్ని ఆర్సీ పక్కన పెట్టేసి మరిచిపోతారు. అసలు చదవాల్సింది ఆ అంకెలనే.

ఈ పెట్టె పుట్టుక కార్లకంటే పాతది. కొన్ని వాయువులు కంటికి కనిపించని పరారుణ కిరణాలను మింగుతాయని 1859లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జాన్ టిండాల్ ప్రయోగాలతో చూపించాడు. కొన్నేళ్లకే అతని ప్రయోగశాలలో ఇదే పద్ధతితో మనిషి ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో కొలిచారు. 1930ల చివర్లో జర్మనీ రసాయన సంస్థ ఐ.జి. ఫార్బెన్‌లో లుఫ్ట్, లేరర్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని కర్మాగారంలో వాడదగ్గ యంత్రంగా మలిచారు. అక్కడినుంచి జపాన్. క్యోటోలోని హోరిబా సంస్థ రోగుల ఊపిరిని పరీక్షించడానికి పరారుణ యంత్రం చేసింది. దాన్ని మోటారు పొగకు వాడదామంటే సంస్థ అధిపతి మసావో హోరిబా మొదట ఒప్పుకోలేదట. మనిషి ఊపిరి కొలిచే సున్నితమైన సాధనంలోకి మసి పోనివ్వడమేమిటన్నది ఆయన అభ్యంతరం. అయినా పని ఆగలేదు. 1964లో ‘మెక్సా’ పేరుతో ఇంజను పొగను కొలిచే యంత్రం బయటికొచ్చింది.

సరిగ్గా అప్పుడే దాని అవసరం పెరిగింది. లాస్ ఏంజెలస్‌లో కళ్లు మండించే పొగమంచుకు మూలం పెట్రోలు ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి జరిపే రసాయన చర్యేనని ఆరీ హాగెన్‌స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1950ల తొలినాళ్లలో తేల్చాడు. 1966 నాటికి కాలిఫోర్నియా కార్ల పొగకు హద్దులు గీసింది. హద్దు గీశాక కొలత తప్పదు కదా.

ఇంతకీ పెట్టెలో జరిగేదేమిటి? బండి పొగను పంపు లోపలికి లాగుతుంది. వడపోతల్లో తేమ, మసి ఆగిపోయాక వాయువు ఒక గొట్టంలో నిండుతుంది. ఒక చివరినుంచి పరారుణ కిరణాలు వదిలితే రెండో చివర ఎంత మిగిలిందో గ్రాహకం చూస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ సుమారు 4.7 మైక్రోమీటర్ల దగ్గరి కిరణాలను మింగుతుంది, పెట్రోలు ఆవిర్లు 3.4 దగ్గర. ఏ తరంగం దగ్గర ఎంత తగ్గిందో లెక్కగడితే ఏ వాయువు ఎంతుందో తేలుతుంది. ఈ యంత్రాల నమూనాలను మన దేశంలో పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ వంటివి పరీక్షించి ఆమోదించాలి.

కార్బన్ మోనాక్సైడ్ అంటే సగం కాలిన పెట్రోలు. హైడ్రోకార్బన్లు అంటే అసలు కాలనిది. రెండూ యజమాని బంకులో డబ్బు పోసి కొన్నవే. మొదటి అంకె పెరిగితే గాలి తక్కువై పెట్రోలు ఎక్కువైందని అర్థం: మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరో, ట్యూనింగ్ తప్పిన కార్బరేటరో కారణం. రెండో అంకె ఒక్కటే ఎగిసిందంటే ప్లగ్గులో మంట సరిగా రాకపోవడమో, వాల్వు సరిగా మూసుకోకపోవడమో అయి ఉంటుంది. మంచి మెకానిక్ చేతిలో ఈ రెండు అంకెలు రక్తపరీక్ష కాగితం లాంటివి.

ఎంతవరకు ఒప్పు అన్నది బండి ఏ ‘భారత్ స్టేజ్’ ప్రమాణాల కింద తయారైందన్నదాన్ని బట్టి ఉంటుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళిలోని 115వ నిబంధన ప్రకారం భారత్ స్టేజ్ 2 కన్నా ముందటి పెట్రోలు కారు ఐడ్లింగులో 3 శాతం కార్బన్ మోనాక్సైడ్ దాకా వదలొచ్చు. స్టేజ్ 2, 3 కార్లకు హద్దు 0.5 శాతం, స్టేజ్ 4 కారుకు 0.3 శాతం. 2000 మార్చి లోపు తయారైన స్కూటరుకైతే 4.5 శాతం దాకా చెల్లుతుంది. అంటే ఈ పరీక్ష పాత బండిని కొత్తదానితో పోల్చి తిట్టదు. తన కాలానికి తగ్గట్టు ఉందా అని మాత్రమే అడుగుతుంది. ఇది న్యాయమైన ప్రశ్న. వయసు చూసి బండిని రోడ్డెక్కనివ్వని పద్ధతి కన్నా, 2014, 2015ల్లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఢిల్లీలో పదేళ్ల డీజిలు, పదిహేనేళ్ల పెట్రోలు బండ్లపై పెట్టినటువంటి నిషేధం కన్నా, బాగోగులు చూసుకునే యజమానికి ఇదే మేలు.

ఇక్కడే పరకాల వాళ్లు గమనించాల్సిన మెలిక ఒకటుంది. స్టేజ్ 4 ప్రమాణాలు హైదరాబాద్‌తో సహా కొన్ని నగరాలకు 2010లో వచ్చాయి, దేశమంతటికీ 2017 ఏప్రిల్‌లో. కాబట్టి 2012లో వరంగల్‌లో కొన్న కారు స్టేజ్ 3 అయి ఉండొచ్చు, అదే ఏడాది హైదరాబాద్‌లో అమ్ముడైన అదే మోడల్ స్టేజ్ 4 అయి ఉంటుంది. నగరం నుంచి సెకండ్‌హ్యాండు బండి తెచ్చుకున్నవారికి హద్దు కఠినం. కానీ సర్టిఫికెట్ ఆరు నెలలు కాక ఏడాది చెల్లుతుంది. ఆర్సీలో స్టేజ్ వివరం ఒకసారి చూసుకోవడం మంచిది.

డీజిలు బండి కథ వేరు. దానికి వాయువులు కాదు, పొగ నలుపే కొలమానం. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కి, పొగలోంచి కాంతి ఎంత దాటుతుందో చూస్తారు. స్టేజ్ 4కు ముందటి బండ్లకు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు దాటకూడదు, స్టేజ్ 4కు 50. అయితే బొగ్గు లారీ వెనక నడిచేవాడి ఊపిరితిత్తుల్లోకి పోయే అతి సన్నని ధూళిని, నైట్రోజన్ ఆక్సైడ్లను ఈ పరీక్ష కొలవదు. సర్టిఫికెట్ ఉన్న బండి ఊరికి హాని చేయదని అనుకోవడానికి లేదు.

యంత్రం కన్నా బలహీనమైనది దాన్ని వాడే తీరు. గొట్టం పైపైన పెడితే బయటి గాలి కలిసి అంకె తగ్గుతుంది. 2025లో ఢిల్లీ శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక, హద్దు దాటిన లక్షకు పైగా బండ్లకు అక్కడ సర్టిఫికెట్లు ఇచ్చేశారని తేల్చింది. బండ్లను పరీక్షకు రప్పించే ఒత్తిడి కూడా తగ్గింది: సర్టిఫికెట్ లేకపోతే ఇన్సూరెన్సు రెన్యువల్ చేయొద్దని 2017లో సుప్రీంకోర్టు పెట్టిన షరతును 2024లో అదే కోర్టు సడలించింది. ఆ షరతు ఉంటే బీమాయే లేని బండ్లు పెరిగి ప్రమాద బాధితులు నష్టపోతారన్న ఆందోళన అందుకు కారణం.

పాత కారు ఉన్నవాడు పరీక్షకు పోయేముందు బండిని కొంత దూరం నడిపి ఇంజను వేడెక్కనివ్వాలి, గొట్టం లోపలిదాకా పెట్టమని అడగాలి, పరీక్ష కాగితాలన్నీ ఒకచోట దాచుకోవాలి. బండి ఫెయిలైతే కారణం రాసి తిరస్కరణ పత్రం ఇచ్చే పద్ధతిని 2021 జూన్‌లో కేంద్రం తెచ్చింది. దాన్ని చూసి భయపడక్కర్లేదు, నేరుగా మెకానిక్ దగ్గరికి పట్టుకుపోవాలి. అందులో కార్బన్ మోనాక్సైడ్ హద్దు దాటి ఉంటే, కార్బరేటర్ విప్పే ముందు చూడాల్సింది ఎయిర్ ఫిల్టరునే.