లినక్స్ పాఠాలు ఎందుకు పాతబడ్డాయి?

మన ఇళ్లలో కంప్యూటర్ చదువుతున్న పిల్లలు లినక్స్ నేర్చుకోవడం మొదలుపెడితే, ఎప్పుడో ఒకప్పుడు 'లినక్స్ డాక్యుమెంటేషన్ ప్రాజెక్ట్' పాఠాలు ఎదురవుతాయి. చెన్నై సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌లో తెలుగు కూడా ఉంది కాబట్టి హోసూరు, బళ్లారి పిల్లలకు ఇది దూరపు సంగతేమీ కాదు. ఆ పాఠాల్లో ఉన్నది ఉన్నట్టు టైపు చేసే ముందు వాటి సంగతి తెలుసుకోవడం మంచిది.

1992లో, లినక్స్ పుట్టిన మరుసటి ఏడాదే, మ్యాట్ వెల్ష్, లార్స్ విర్జేనియస్ వంటి వాళ్లు దీన్ని మొదలుపెట్టారు. అంతా జీతం లేని పనే. పెద్ద గైడ్లు, ఒక్కో పనికి ఒక్కో చిన్న 'హౌటూ' రాశారు. ఓలాఫ్ కిర్ఖ్ రాసిన నెట్‌వర్క్ గైడ్‌ను ఓరైలీ సంస్థ అచ్చు వేసింది, ఉచితంగానూ దొరికింది. మన దేశంలో పీసీ క్వెస్ట్ పత్రిక లినక్స్ సీడీలు పంచిన రోజుల్లో చాలామందికి గురువులు ఈ హౌటూలే.

మరి ఎక్కడ చెడింది? ప్రతి హౌటూకీ ఒక్కరే యజమాని. ఆయన ఉద్యోగం మారినా, విసుగొచ్చినా పాఠం అక్కడే ఆగిపోయేది. ఇంకొకరు దిద్దుదామంటే కొన్నింటి లైసెన్సు ఒప్పుకునేది కాదు. అందుకే డెబియన్ వాళ్లు కొన్ని హౌటూలను తీసి 'స్వేచ్ఛ లేనివి' అనే విభాగంలో పెట్టారు. పైగా ఒక్క వాక్యం సరిచేయాలన్నా డాక్‌బుక్ అనే గుర్తుల పద్ధతి నేర్చుకోవాలి. అంత ఓపిక ఎవరికుంటుంది? ఎవరైనా అప్పటికప్పుడు దిద్దగలిగే ఆర్చ్ వికీ లాంటివి వచ్చాక జనం అటు వెళ్లిపోయారు. రాసినవాళ్లను తప్పుపట్టాలని మాకు అనిపించదు.

పాత పాఠంతో చిక్కు ఏమిటంటే, అది తప్పని చూడగానే తెలియదు. ఫైర్‌వాల్ సంగతే తీసుకోండి. 1999 నాటి 2.2 కెర్నెల్‌కు ఐపీచైన్స్, 2001లో ఐపీటేబుల్స్, 2014లో ఎన్ఎఫ్‌టేబుల్స్ వచ్చాయి. ఐపీచైన్స్ హౌటూ మాత్రం ఇప్పటికీ పద్ధతిగా, నమ్మకంగా చదివిస్తుంది. కొత్త మెషీన్‌లో ఆ ఆదేశాలు పనిచేయవు. కుర్రవాడేమో తప్పు తనదేననుకుంటాడు.

మొదట్లో ఈ ప్రాజెక్టులో భాగమైన మ్యాన్ పేజీలు మాత్రం బతికాయి. అవీ తేలిగ్గా బతకలేదు. వాటిని చూసుకునే అలెహాండ్రో కొలోమార్ జీతం లేకుండా ఇక చేయలేనని 2024లో పని ఆపారు. కొన్ని కంపెనీలు డబ్బు పెట్టాక మళ్లీ మొదలైంది.

కాబట్టి పిల్లలకు చెప్పండి: ముందు పాఠం పైనున్న తేదీ చూడాలి. ఆదేశం టైపు చేసే ముందు తమ మెషీన్‌లోని మ్యాన్ పేజీ తెరిచి పోల్చుకోవాలి.