పాపాయి బుగ్గలు కందాయా?

చలికాలం వస్తే చాలు... బోధన్, నిజాంసాగర్ ఆయకట్టు పల్లెల్లో పొడిగాలికి పెద్దల చర్మమే పగులుతుంది. ఇక పసివాళ్ల సంగతి చెప్పాలా? బుగ్గలు ఎర్రగా కంది, పొట్టు రేగి, రాత్రంతా దురదతో ఏడుస్తుంటే అది ఎగ్జిమా కావచ్చు.

చాలామంది తామర అనుకుని మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాసేస్తారు. ప్రమాదం అక్కడే! తామర ఫంగస్‌తో వస్తుంది, అంటుకుంటుంది. ఎగ్జిమా అంటదు. చర్మం తేమను పట్టి ఉంచలేకపోవడమే దీనికి మూలం. అలాంటి ట్యూబుల్లో చాలావాటిలో ఘాటైన స్టిరాయిడ్ ఉంటుంది. సలహా లేకుండా వాడితే లేత చర్మం పలచబడుతుంది.

సున్నిపిండితో రుద్దడం మానండి. గోరువెచ్చని నీటితో పది నిమిషాల్లో స్నానం ముగించి, తడి ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ పూయండి. నూలు బట్టలే తొడగండి. చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టర్‌కు చూపించండి. బెంగ వద్దు, చాలామంది పిల్లల్లో వయసుతోపాటే ఇది తగ్గిపోతుంది.